ఫోన్ పౌచ్, టాబ్లెట్ కవర్, హోల్డర్: ఇంట్లోనే చేసుకునే మరమ్మతులు

పౌచ్ మూల చిరిగినా, కార్లో హోల్డర్ ఊడిపడినా మన చెయ్యి ముందు వెళ్లేది ఫెవిక్విక్ మీదికే. చిన్న ట్యూబు, అర నిమిషంలో పని. రెండు రోజులకు అది మళ్లీ ఊడుతుంది. ఈసారి అతికిన చోట తెల్లటి పొర, గట్టిపడిన జిగురు గడ్డ మిగిలిపోయి, ఇంకో జిగురు కూడా సరిగ్గా పట్టదు. వంగే వస్తువుకు వంగని జిగురు పెడితే ఇంతే. ఈ సామాన్లలో వచ్చే రిపేర్లలో చాలావాటికి అసలు జిగురే అక్కర్లేదు. కడగడం, బిగించడం, మధ్యలో కాస్త రబ్బరు పెట్టడం చాలు. జిగురు తప్పనిసరైన చోట మాత్రం వస్తువు దేనితో చేశారో తెలుసుకున్నాకే ట్యూబు మూత తియ్యాలి.

ముందుగా ఫోన్‌నే చూడండి

నిన్నటిదాకా సరిగ్గా పట్టిన పౌచ్ ఇప్పుడు ఒక పక్క లేస్తోందా? పౌచ్‌ను అనుమానించే ముందు ఫోన్‌ను బయటకు తియ్యండి. సమతలంగా ఉన్న బల్ల మీద స్క్రీన్ పైకి ఉండేలా పెట్టి, మూల మీద వేలితో మెల్లగా తిప్పండి. కెమెరా బుడిపె వల్ల కొంత ఊగడం మామూలే. అది కాకుండా వెనకభాగం మధ్యలో పొంగినట్టున్నా, స్క్రీన్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య సందు కనిపిస్తున్నా బ్యాటరీ ఉబ్బుతున్నట్టే. లిథియం బ్యాటరీ లోపల గ్యాస్ పుట్టడం వల్ల ఇలా అవుతుంది. అలాంటి ఫోన్‌ను నొక్కి పౌచ్‌లో ఇరికించొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, ఆపేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంచే టాబ్లెట్లలో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

ఫోన్ బాగానే ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. కింద చెప్పే పనులేవీ ఫోన్ పౌచ్‌లో ఉండగా చెయ్యకూడదు.

చేతిలో ఉన్నది ఏ రకం?

మార్కెట్లో దొరికే కవర్లు దాదాపుగా ఐదు రకాలు. వీటిని చేత్తోనే గుర్తుపట్టొచ్చు.

పారదర్శకంగా ఉండి, వంచితే వంగి, వదిలితే తిరిగి మామూలుగా అయ్యేది టీపీయూ. షాపులో దీన్ని 'సిలికాన్ పౌచ్' అనే అమ్ముతారు గానీ ఇది సిలికాన్ కాదు. అసలు సిలికాన్ పౌచ్ సాధారణంగా పారదర్శకంగా ఉండదు, మెత్తగా వెల్వెట్‌లా తగులుతుంది, జేబులోని దూదిపోగులన్నీ దానికే అంటుకుంటాయి, లాగితే బాగా సాగుతుంది. గోటితో కొడితే టక్ టక్ మని మోగి, వంచితే విరిగేలా ఉండేది పాలికార్బొనేట్, అంటే గట్టి ప్లాస్టిక్. ఫ్లిప్ కవర్ల మీద తోలులా కనిపించేది ఎక్కువగా రెగ్జిన్. అంచు దగ్గర చూస్తే పైన పలుచని ప్లాస్టిక్ పొర, కింద బట్ట కనిపిస్తాయి. పిల్లల టాబ్లెట్లకు వచ్చే లావుపాటి స్పాంజి కవర్ ఈవీఏ ఫోమ్, మనం ఇంట్లో వేసుకునే తేలికపాటి చెప్పుల అడుగుభాగం కూడా అదే.

ఇక జిగుర్ల సంగతి:

- టీపీయూకి: బీ-7000. మొబైల్ రిపేర్ షాపుల్లో స్క్రీన్లు అతికించడానికి వాడే పారదర్శకమైన జిగురు ఇది. ఆరినా రబ్బరులా వంగుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఉండే పీయూ సొల్యూషన్ కూడా బాగా పడుతుంది.
- పాలికార్బొనేట్‌కి: ఫెవిక్విక్ లేదా అరాల్డైట్. ఫెవిక్విక్‌కు న్యాయమైన చోటు ఇదే.
- రెగ్జిన్, ఈవీఏ ఫోమ్‌లకి: ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు.
- సిలికాన్‌కి: సిలికాన్ సీలెంట్ ఒక్కటే. ఇంకేది పూసినా పెచ్చులా లేచొస్తుంది.

ఇవి కాక ఇంట్లో ఉంచుకోవాల్సినవి: పంచర్ షాపులో అడిగితే ఇచ్చే పాత సైకిల్ ట్యూబు ముక్క, ఇన్సులేషన్ టేపు, సన్న గరుకు ఉప్పు కాగితం, కొత్త బ్లేడు, సర్జికల్ స్పిరిట్, చిన్న స్క్రూడ్రైవర్. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం ఈ పనికి దగ్గరకు రానివ్వొద్దు. పాలికార్బొనేట్‌కు అవి తగిలితే సన్నటి పగుళ్లు వలలా పాకిపోతాయి.

పౌచ్ మరమ్మతులు

*పసుపెక్కడం.* ఎక్కువమంది అడిగేది దీని గురించే. నా సమాధానం చాలామందికి నచ్చదు: లోపలి పసుపు పోదు. ఎండ, వేడి తగిలి టీపీయూ పదార్థమే మారిపోవడం వల్ల వచ్చే రంగు అది, పైన పట్టిన మురికి కాదు. వంటసోడా, టూత్‌పేస్టు, నిమ్మకాయ వీడియోల్లో తెల్లబడినట్టు కనిపించేది పైనున్న చేతిజిడ్డు, మురికి పోవడం వల్లే. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సోపు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే అంతే ఫలితం వస్తుంది. అరగంట నానబెట్టి, రుద్ది, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టారంటే ఇంకా పసుపెక్కుతుంది. అంతకుమించి కష్టపడటం దండగ.

కడిగేటప్పుడు లోపలివైపు వదిలేయకండి. పౌచ్ వెయ్యడం వల్లే ఫోన్ వెనక గీతలు పడ్డాయని కొందరు ఆశ్చర్యపోతుంటారు. లోపలికి చేరిన ఇసుక రేణువులు ఫోన్‌కూ పౌచ్‌కూ మధ్య నలుగుతూ ఉప్పు కాగితంలా పని చేస్తాయి. ఇల్లు కట్టే చోట, క్వారీల దగ్గర, సముద్రపు ఒడ్డున తిరిగేవాళ్లు వారానికోసారైనా విప్పి తుడవాలి.

*నూనె మరకలా తడితడిగా కనిపించడం.* పారదర్శకమైన పౌచ్ వేశాక వెనక ఇంద్రధనస్సు రంగుల్లో మచ్చలు కనిపిస్తే, నున్నటి రెండు తలాలు కొన్నిచోట్ల అతుక్కుపోయి కొన్నిచోట్ల అతుక్కోలేదని అర్థం. పౌచ్ లోపల చిటికెడు టాల్కం పౌడర్ వేసి పొడిబట్టతో బాగా రుద్ది, కంటికి కనపడనంతగా దులిపేయండి. ఛార్జింగ్ రంధ్రం, స్పీకర్, కెమెరా చుట్టుపక్కల పౌడర్ ఉండకుండా చూసుకున్నాకే ఫోన్ పెట్టండి.

*వదులైపోవడం.* సాగిన టీపీయూను మళ్లీ ముడుచుకునేలా చేసే మార్గం లేదు. వేడినీళ్లలో వేస్తే బిగుతవుతుందన్న మాట నమ్మి ఆకారం పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ. దానికి బదులు లోపలి సందు పూడ్చండి. ఇన్సులేషన్ టేపు మందం దాదాపు 0.13 మి.మీ. సన్నటి పట్టీలుగా కోసి, పౌచ్ లోపల పొడవాటి పక్కగోడలకు ఒక్కో పొర చొప్పున అంటించి చూడండి. చాలకపోతే రెండో పొర. బటన్లు, మైకు రంధ్రాల మీదికి రానివ్వకండి. గట్టి ప్లాస్టిక్ కేసులకు ఇది ఇంకా బాగా నప్పుతుంది. మూలలు కూడా వదులై ఫోన్ జారి బయటకు వస్తుంటే మాత్రం టేపుతో నెట్టుకురాకండి, కొత్తది కొనండి. కింద పడ్డప్పుడు దెబ్బ కాచేది మూలలే.

*బటన్ నొక్కుకుపోవడం, ఛార్జర్ దూరకపోవడం.* పౌచ్ లోపల బటన్ దగ్గరున్న బుడిపె ఎత్తుగా ఉంటే ఫోన్ దానంతట అదే వాల్యూమ్ తగ్గించుకుంటూ ఉంటుంది, స్క్రీన్‌షాట్లు తీసుకుంటూ ఉంటుంది. బ్లేడుతో ఆ బుడిపె పైపొరను ఉల్లిపొర మందాన కోసి, పెట్టి చూసి, మళ్లీ కోయండి. ఛార్జర్ రంధ్రానికీ అదే పద్ధతి: లోపలినుంచి పెన్నుతో గీత గీసుకుని, గీతకు కాస్త ఇవతలే కోసి, మిగిలింది నెయిల్ ఫైల్‌తో అరగదీయండి. వేడి చేసిన చాకుతో కోస్తే తొందరగా తెగుతుంది గానీ కాలే ప్లాస్టిక్ పొగ పీల్చాల్సి వస్తుంది, అంచూ అసహ్యంగా కరిగిపోతుంది.

*చీలిక అతికించడం.* టీపీయూ చీలితే ఇలా చెయ్యండి:

1. సోపుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత చీలిక రెండంచులనూ స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవండి.
2. రెండంచులనూ ఉప్పు కాగితంతో కొద్దిగా గరుకు చేసి, దుమ్ము తుడిచేయండి.
3. పౌచ్ లోపలికి ఫోన్ సైజు అట్టముక్క పెట్టండి. ఆకారం నిలవాలి కదా. అట్టకు పైన సెల్లో టేపు చుడితే జిగురు దానికి అంటుకోదు.
4. రెండంచులకూ బీ-7000 పలుచగా రాసి, రెండు మూడు నిమిషాలు ఆగి, దగ్గరికి చేర్చి, బయటినుంచి టేపుతో కట్టేయండి.
5. కనీసం 24 గంటలు ముట్టుకోకండి. పూర్తి బలం రావడానికి 48 గంటలు పడుతుంది.

గట్టి ప్లాస్టిక్ కేసులో పగులైతే ఇంకో జాగ్రత్త ఉంది. పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ చివర ఒక మి.మీ. బెజ్జం వేస్తే అది ఇంకా పాకదు. పాకే పగులు కొసన చేరే ఒత్తిడంతా ఆ గుండ్రటి అంచు చుట్టూ పంచుకుపోతుంది. తర్వాత లోపలివైపు నుంచి పగులులోకి ఫెవిక్విక్ ఒక్క చుక్క వదిలితే అదే పాకుతుంది. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి తెల్లటి పొరగా చుట్టుపక్కల పేరుకుంటుంది కాబట్టి గాలి తగిలే చోట ఒక రాత్రి వదిలేసి, ఆ తర్వాతే ఫోన్ పెట్టండి. తొందరపడితే ఆ తెల్లపొర కెమెరా అద్దం మీద తేలుతుంది.

ఫ్లిప్ కవర్లు, టాబ్లెట్ కవర్లు

రెగ్జిన్ పొరలు పొరలుగా రాలిపోతుంటే అతికించే ప్రయత్నం వద్దు. గాలిలో తేమకు పై ప్లాస్టిక్ పొర లోలోపలే విరిగిపోవడం వల్ల అలా అవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఈ తంటా ఎక్కువ. రాలిన పొర కింద బట్ట గట్టిగా ఉంటే మొత్తం పొర గీకేసి, బట్టతోనే వాడుకోవచ్చు. చూడటానికి బాగుండదు, కానీ పని చేస్తుంది.

లోపలి ప్లాస్టిక్ తొడుగు రెగ్జిన్ నుంచి ఊడిపోవడం మాత్రం చక్కగా బాగుచేసుకోగలిగిన రిపేరు. ఫెవిబాండ్‌తో అందరూ చేసే పొరపాటు ఒకటుంది: ఒక పక్క రాసి, వెంటనే తడిగా అంటించేస్తారు. ఈ రకం జిగురు రెండు పక్కలా రాయాలి, పలుచగా పరచాలి, 10–15 నిమిషాలు ఆరనివ్వాలి. వేలితో తాకితే అంటుకోకుండా, కొంచెం జిడ్డుగా అనిపించినప్పుడు రెండూ కలిపి గట్టిగా నొక్కాలి. నొక్కాక సర్దడానికి వీలుండదు, కాబట్టి ముందే కెమెరా రంధ్రాలు ఒకదానికొకటి సరిచూసుకోండి. పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచండి. పిల్లల టాబ్లెట్ ఈవీఏ కవర్‌కు పిడి తెగినా ఇదే పద్ధతి. ఫోమ్ జిగురును పీల్చేసుకుంటుంది కనుక మొదటి పూత ఆరాక రెండో పూత వెయ్యండి.

మడత దగ్గర కుట్లు ఊడితే నేరుగా చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్లండి. పాత రంధ్రాల్లోంచే నైలాన్ దారంతో కుట్టేస్తాడు. ఏ జిగురూ ఆ కుట్టు ముందు నిలవదు. మడత అనేది రోజుకు ఎన్నోసార్లు వంగే చోటు మరి.

మూత వేస్తే స్క్రీన్ ఆరిపోవడం, తెరిస్తే వెలగడం ఆగిపోయిందనుకోండి. మూతలో చిన్న అయస్కాంతం, టాబ్లెట్ అంచులో దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. ముందు సెట్టింగ్స్ చూడండి. ఐప్యాడ్‌లో అయితే 'డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్'లో 'లాక్/అన్‌లాక్' అనే స్విచ్ ఉంటుంది, ఎవరో దాన్ని ఆపేసి ఉండొచ్చు. అది బాగుంటే, స్క్రీన్ వెలుగుతుండగా ఏదైనా చిన్న అయస్కాంతాన్ని అంచుల వెంబడి మెల్లగా జరపండి. ఎక్కడ స్క్రీన్ ఆరిపోతే సెన్సర్ అక్కడుంది. మూత వేసినప్పుడు సరిగ్గా ఆ చోటుకు వచ్చేలా పాత ఫ్లిప్ పౌచ్ నుంచి తీసిన అయస్కాంతాన్ని టేపుతో అంటించి, రెండు మూడు రోజులు వాడి చూసి, నప్పితే లోపలికి అతికించండి. పని చెయ్యకపోతే తిరగేసి పెట్టండి, కొన్ని సెన్సర్లు అయస్కాంతం ఒక ధ్రువానికే స్పందిస్తాయి.

అయస్కాంతాల విషయంలో మూడు హెచ్చరికలు. ఏటీఎం కార్డు వెనకున్న నల్లటి పట్టీ వీటి దగ్గరుంటే చెడిపోవచ్చు (చిప్‌కు ఏమీ కాదు). పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు మాగ్‌సేఫ్ లాంటి అయస్కాంతపు సామాన్లను ఛాతీకి కనీసం 15 సెం.మీ. దూరంలో, వైర్‌లెస్ ఛార్జింగ్ జరుగుతుంటే 30 సెం.మీ. దూరంలో ఉంచాలని ఆపిల్ చెబుతోంది. ఇక చిన్నపిల్లలున్న ఇంట్లో విడి అయస్కాంతాలు బయట పెట్టొద్దు. రెండు మింగితే పేగు గోడలను మధ్యలో ఇరికించి చిల్లు చేస్తాయి. మింగారన్న అనుమానం వచ్చినా నొప్పి వచ్చేదాకా చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

కారు హోల్డర్

సక్షన్ కప్పు ఊడిపడుతుంటే పారెయ్యకండి. నూటికి తొంభై సార్లు దుమ్ము, లేదంటే కప్పు ఆకారం చెడటం.

1. కప్పునూ, అది అంటుకునే అద్దాన్నీ సోపునీళ్లతో కడగండి. డ్యాష్‌బోర్డుకు పాలిష్ కొట్టి ఉంటే ఆ నూనె పొర మీద ఏదీ నిలవదు, స్పిరిట్‌తో తుడవాల్సిందే.
2. కప్పు అంచు వంకర పోయి ఉంటే వేడినీళ్లలో (మరుగుతున్నవి కాదు) కొన్ని నిమిషాలు ఉంచి, తీసి, చదునైన గాజు మీద బోర్లించి చల్లారనివ్వండి.
3. అడుగున బంకబంకగా ఉండే జెల్ రకమైతే బట్టతో తుడవొద్దు, నూలుపోగులు అంటుకుంటాయి. పంపు కింద వేలితో మెల్లగా రుద్ది గాలికి ఆరబెట్టండి. బంక తిరిగి వస్తుంది.
4. అంటించి, లివర్ బిగించి, ఫోన్ పెట్టకుండా ఒక పూట చూడండి.

గరుకుగా, గీతలుగా ఉండే డ్యాష్‌బోర్డు మీద సక్షన్ నిలవదు, సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది. దానికోసం కంపెనీలు నున్నటి ప్లాస్టిక్ చక్రం ఇస్తాయి. ముందు దాన్ని అంటించి, దానిమీద కప్పు పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట మాత్రం ఏదీ అంటించకండి. అది తెరుచుకున్నప్పుడు హోల్డర్ ఎగిరి నేరుగా మనిషి ముఖం మీదికే వస్తుంది.

డబుల్ సైడ్ టేపు హోల్డర్లలో అసలు రహస్యం ఓపిక. 3ఎం వీహెచ్‌బీ రకం టేపు అంటించిన 20 నిమిషాలకు దాని బలంలో సగమే వస్తుంది, 24 గంటలకు 90 శాతం, పూర్తి బలానికి 72 గంటలు. మనవాళ్లు అంటించిన నిమిషంలో ఫోన్ తగిలించి, గుంటల రోడ్డు మీద బయల్దేరి, టేపు నకిలీదని తిడతారు. పాత టేపు తీయడానికి హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చజేసి, గట్టి నైలాన్ దారాన్ని కిందనుంచి రంపంలా లాగండి. మిగిలిన బంకకు కొబ్బరినూనె రాసి పావుగంట ఆగితే మెత్తబడి వేలికి వచ్చేస్తుంది. తర్వాత సోపు, ఆఖరున స్పిరిట్.

ఏసీ వెంట్‌కు తగిలించే క్లిప్పు జారుతుంటే దాని దవడలకున్న రబ్బరు అరిగిపోయి ఉంటుంది. సైకిల్ ట్యూబు చిన్న ముక్కలు కోసి, దవడల లోపల ఫెవిబాండ్‌తో అంటించండి. మరీ బిగుతుగా చెయ్యకండి. వెంట్ రెక్క విరిగితే ఆ ఖర్చు హోల్డర్ ధరకు ఎన్నో రెట్లు. బరువైన ఫోన్లకు, టాబ్లెట్లకు వెంట్ క్లిప్పు అసలు పనికిరాదని నా అభిప్రాయం. ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి: వేసవిలో మ్యాప్స్ నడుస్తూ వేడెక్కే ఫోన్‌కు చల్లగాలి తగులుతుంది. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే గరిష్ఠ వాతావరణ ఉష్ణోగ్రత 35 డిగ్రీలే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో పార్క్ చేసిన కారు సంగతి చెప్పనక్కర్లేదు కదా.

మెడ వాలిపోవడం ఇంకో సమస్య. హోల్డర్ తిరిగేది ఒక బంతి కీలు మీద. ముందు దాని వెనక గుండ్రటి నట్టును చేత్తో బిగించండి. అయినా వాలితే విప్పి, బంతినీ గుంటనీ స్పిరిట్‌తో తుడవండి, చేతిజిడ్డే కారణం అయ్యుండొచ్చు. అప్పటికీ వదులుగానే ఉంటే, బంతి మీద ఫెవిక్విక్ పలుచని పొర పూసి, విడిగానే పూర్తిగా ఆరనిచ్చి, ఉప్పు కాగితంతో ఒకసారి తడిమి మళ్లీ బిగించండి. ఇక్కడ ఫెవిక్విక్ పని అతికించడం కాదు, బంతి సైజు వెంట్రుకవాసి పెంచడం. పూర్తిగా ఆరకుండా బిగించారో, ఆ కీలు ఇక కదలదు.

అయస్కాంతపు హోల్డర్ల కోసం పౌచ్ లోపల పెట్టే ఇనుప రేకు వైర్‌లెస్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది, ఫోన్‌ను మెషిన్‌కు తాకించి చేసే ఎన్ఎఫ్‌సీ చెల్లింపులకూ అడ్డుపడొచ్చు. ఛార్జింగ్ చుట్ట ఫోన్ వెనక మధ్యలో ఉంటుంది, కాబట్టి రేకును వీలైనంత కిందకు జరపండి. లేదా మధ్యలో ఖాళీగా ఉండే రింగు రకం కొనండి.

బైక్ హోల్డర్

ఇక్కడ నియమం మారుతుంది. కారులో ఊడితే ఫోన్ కాళ్ల దగ్గర పడుతుంది. బైక్ మీద ఊడితే వెనకొచ్చే లారీ కింద పడుతుంది, దాన్ని పట్టుకోబోయి మనిషీ పడొచ్చు. అందుకే బైక్ హోల్డర్‌లో బరువు మోసే ఏ భాగాన్నీ జిగురుతో అతికించకండి. క్లాంపు పగిలితే పారెయ్యడమే. ఎమ్-సీల్ పెట్టి సరిచేసినవి రోడ్డు మీద చాలానే కనిపిస్తాయి. ఎమ్-సీల్ గట్టిపడుతుంది నిజమే, కానీ ఆగకుండా అదురుతుంటే ప్లాస్టిక్ నుంచి విడిపోతుంది.

చెయ్యగలిగినవి ఇవి. మన బైకుల్లో చాలావాటికి హ్యాండిల్ రాడ్డు వ్యాసం 22 మి.మీ. క్లాంపు అంతకన్నా పెద్దదైతే తిరిగిపోతూ ఉంటుంది. సైకిల్ ట్యూబు పట్టీ కోసి, రాడ్డు చుట్టూ ఒకటి రెండు చుట్లు వేసి, దానిమీద బిగించండి. ఇన్సులేషన్ టేపు వద్దు, ఎండకు దాని బంక కరిగి క్లాంపు ఇంకా జారుతుంది. స్క్రూ బిగించేటప్పుడు చేతికి గట్టి తగిలాక ఇంకో పావు చుట్టు చాలు. ప్లాస్టిక్ పగిలేది అంతకుమించి తిప్పినప్పుడే.

అదురుకు నట్లు వదులవుతుంటే మామూలు నట్టు తీసి నైలాక్ నట్టు వెయ్యండి. లోపల నైలాన్ వలయం ఉండే ఈ నట్టు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. పాత బోల్టు తీసుకెళ్లి దానికి సరిపోయేది అడగండి. ఇంజన్ మెకానిక్‌లు వాడే లాక్‌టైట్ లాంటి మర జిగురు మాత్రం ప్లాస్టిక్ హోల్డర్లకు తగలనివ్వొద్దు. అది లోహానికి మంచిదే గానీ పాలికార్బొనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్‌లను పగలగొడుతుంది. బాగు చేద్దామనుకుని పెట్టిన చుక్కే హోల్డర్‌ను తీస్తుంది.

నాలుగు మూలలను పట్టే సిలికాన్ బ్యాండు తెగిపోతే, సైకిల్ ట్యూబును అడ్డంగా రెండు సెంటీమీటర్ల వెడల్పు వలయాలుగా కోసి వాడండి. వీటిని స్క్రీన్ మీదుగా అడ్డంగా ఇంటూ గుర్తులా వేస్తే పట్టు బాగుంటుంది.

దీనికి తోడు ఒక తాడు తప్పనిసరి. మెడలో ఫోన్ వేసుకోవడానికి వాడే తాళ్లతో పాటు పలుచని పట్టీ ఒకటి వస్తుంది. దాన్ని పౌచ్ లోపల పెట్టి, ఛార్జర్ రంధ్రంలోంచి కొక్కెం బయటకు తీసి, తాడును హ్యాండిల్ రాడ్డుకు కట్టండి. తాడు ఫోన్ కింద పడకుండా ఆపేంత పొట్టిగా, హ్యాండిల్ తిప్పినప్పుడు బ్రేకు లివర్‌కు చుట్టుకోకుండా ఉండాలి. ఇవన్నీ అయ్యాక మొదటి ప్రయాణం ఫోన్‌తో చెయ్యొద్దు. అంత బరువుండే పాత ఫోనో, పలుచని చెక్కముక్కో బిగించి, మీ వీధిలోని స్పీడ్ బ్రేకర్లన్నీ ఒకసారి ఎక్కి దిగండి.

ఎంత బాగా బిగించినా మిగిలే సమస్య కెమెరా. అదురును సరిచేసే ఓఐఎస్ ఉన్న కెమెరాల్లో లెన్సు సన్నటి ఏర్పాటు మీద తేలుతూ ఉంటుంది, ఆగని అదురుకు అది చెడిపోవచ్చు. శక్తిమంతమైన బైక్ ఇంజన్ల అదురు నేరుగా తగిలేలా ఐఫోన్‌ను బిగించొద్దని ఆపిల్ 2021లోనే చెప్పింది. స్కూటర్లు, మోపెడ్‌ల మీద కూడా అదురు తగ్గించే మౌంట్ వాడమంది. అదురు తగ్గించే ఆ భాగాన్ని (డ్యాంపర్) విడిగా కొనుక్కోవచ్చు. హోల్డర్ కింద రబ్బరు ముక్క పెడితే కొంత మేలే గానీ డ్యాంపర్‌కు సాటి రాదు. రోజంతా డెలివరీల మీద తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మంచి కెమెరా ఉన్న ఫోన్ జేబులో పెట్టుకుని, హోల్డర్‌లో పాత ఫోన్ వాడండి.

2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, నడుపుతున్నప్పుడు ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా వాడాలి. హోల్డర్ ఉంది కదా అని వీడియోలు పెట్టుకోవడానికి అది అనుమతి కాదు.

చిన్నా చితకా

ఫోన్ వెనక అంటించే రింగు, పాప్ గ్రిప్ ఊడితే దాని అడుగును నీళ్లతో కడిగి, ఆరగానే తిరిగి అంటించండి. మరీ ఎండిపోనిస్తే పట్టు తగ్గుతుంది. అసలు సిలికాన్ పౌచ్ మీద ఇవి ఏం చేసినా నిలవవు, ఆ పౌచే మార్చాలి.

మంచానికో టేబుల్‌కో బిగించే పాము మెడ స్టాండు టాబ్లెట్ బరువుకు వాలిపోతుంటే దాన్ని తిన్నగా పైకి లేపకుండా, కింద ఒక పెద్ద వంపు తిప్పి పెట్టండి. బరువు క్లాంపుకు దగ్గరగా ఉంటే మెడ మీద ఒత్తిడి తగ్గుతుంది. దాని చివర స్క్రూ పోతే ఇంట్లో ఉన్న ఎం6 (6 మి.మీ.) బోల్టు సరిపోతుందేమోనని తిప్పకండి. అక్కడ ఎక్కువగా ఉండేది కెమెరా స్టాండ్ల మరే, అది పావు అంగుళంది, ఒక అంగుళానికి 20 చుట్లు. ఎం6 దూరినట్టే దూరి మర అరగదీస్తుంది. ఫోటో సామాన్ల షాపులో పావు అంగుళం ట్రైపాడ్ స్క్రూ అంటే ఇస్తారు.

బల్ల మీద పెట్టే మడత స్టాండు అడుగున రబ్బరు పాదాలు రాలిపోయి జారుతుంటే సైకిల్ ట్యూబునే గుండ్రంగా కోసి అంటించండి. ట్యూబు మీది తెల్లపొడి తుడిచి, ఉప్పు కాగితంతో గరుకు చేశాకే జిగురు రాయండి, పంచర్ వేసేవాళ్లు చేసేదీ అదే. టాబ్లెట్ ఆనుకునే పెదవి దగ్గర కూడా ఒక పట్టీ వేస్తే స్క్రీన్ తాకినప్పుడల్లా వెనక్కి జరగడం ఆగుతుంది.